బస్తా బరువు – నడుము బలము

మాసూళ్ళు ముగిసి ధాన్యము మిల్లులకు చేరు దినములలో కృష్ణా, గోదావరి డెల్టాలలోని ఏ బియ్యపు మిల్లు వాకిట నిలిచినను ఇంచుమించు ఒకే దృశ్యము కానవచ్చును. లారీ వెనుక తలుపు దించబడి యుండును. దాని అంచునకు ఒక బల్లచెక్క ఆనించియుండును. ఇద్దరు మనుష్యులు కొక్కెములతో బస్తాను పట్టి యెత్తి మూడవవాని వీపుపై వేయుదురు. అతడు నడుము వంచి, చెక్కమీదుగా దిగి, గోదాములోనికి నడచి, బస్తాను దొంతరపై జారవిడిచి మరల వచ్చును. లారీ ఖాళీ యగువరకు ఆ నడక ఆగదు. కూలి బస్తాకు ఇంతయని లెక్క; కావున ఆగుట వారికే నష్టము.

ఈ పని చేయువారిని మనము హమాలీలందుము. మోయుట యను అర్థముగల అరబ్బీ మాటనుండి పుట్టిన పేరిది. బియ్యపు మిల్లు మన కండ్లకు మిల్లుగనే కనబడును గాని అదియు ఒక కర్మాగారమే. అచట తిరుగు యంత్రములను జూచి అందరును భయపడుదురు. తిరుగు బెల్టులకు కంచె కట్టుదురు, గోడపై హెచ్చరిక వ్రాయింతురు. బరువు మోయుటవలన కలుగు గాయమును మాత్రము ఎవ్వరును ప్రమాదముగా ఎంచరు. నలుబదియేండ్లకే నడుము పోయిన హమాలీని చూచి, "వాని శరీరతత్త్వ మంతే" యని యూరకుందురు. ఆ హమాలీయు అట్లే యనుకొనును.

మేము చెప్పదలచిన దేమనగా, ఆ నడుము తనంతట పోలేదు. బస్తా ఎంత బరువు, దానిని ఒంటికి ఎంత దూరమున పట్టుకొనవలసి వచ్చినది, నేలకు ఎంత ఎత్తునుండి లేపవలసి వచ్చినది అను మూడు కొలతలే దానిని పాడుచేసినవి. ఈ కొలతలను నిర్ణయించునది హమాలీ కాదు, పని జరుగు చోటును ఏర్పరచినవారు.

ఏతము చెప్పు పాఠము

మోటార్లు వచ్చిన పిమ్మట ఏతములు కనుమరుగైనవి గాని, వాని పోకడ తెలిసిన పెద్దలు ఇంకను ఊళ్ళలో ఉన్నారు. నిలువు కంబముపై అడ్డదూలము ఊగుచుండును. దూలపు ఒక కొనయందు చేద వ్రేలాడును. చేద కంబమునకు ఎంత దూరముగా నున్న, దానిని లేపుటకు రెండవవైపున అంత బలము కావలెను. రెండవవైపు దూలము పొట్టిదైనచో ఆ బలము అనేక రెట్లు పెరుగును.

మన నడుము ఇట్టి ఏతమే. నడుము క్రింది పూసలు కంబము వంటివి. మోయు బరువు ముందువైపున నుండును. దానిని నిలిపి పట్టుకొను కండరములు వెన్నుపూసలకు వెనుక ఇంచుమించు 5 సెంటీమీటర్ల దూరములో నుండును. అనగా రెండవవైపు దూలము మిక్కిలి పొట్టి. ఇప్పుడు లెక్క చూతము. ఒకడు నేలపైనున్న 50 కిలోల బస్తాను ముందుకు వంగి, నడుమునకు 40 సెంటీమీటర్ల దూరములో పట్టి లేపెననుకొందము. 40 లో 5 ఎనిమిది మారులు పోవును. కావున ఆ బస్తాను నిలుపుటకే వీపు కండరములు 50 ని ఎనిమిదింతలు చేసిన బలముతో, అనగా 400 కిలోల బరువునకు సమానమైన బలముతో లాగవలెను. ముందుకు వంగిన తన మొండెపు బరువును, తల బరువును మోయుట దీనికి అదనము. ఆ లాగుడంతయు క్రింది పూసల నడుమనున్న బిళ్ళపై నొక్కుడుగా పడును. అదే బస్తాను ఒంటికి ఆనించి 20 సెంటీమీటర్లలో పట్టుకొన్నచో లాగవలసిన బలము సగమగును. బస్తా బరువు మారలేదు. దూరము మాత్రమే మారినది.

హమాలీలు బస్తాను వీపుపైనో, భుజముపైనో, తలపైనో మోయుటలోని తెలివి ఇచటనే యున్నది. అట్లు మోయునప్పుడు బరువు కంబముమీదనే పడును. దూలము దాదాపు ఉండదు. ఇద్దరు ఎత్తి మూడవవానిపై వేయుట గూడ తరతరముల అనుభవమువలన ఏర్పడిన మంచి పద్ధతియే. ముఠా పద్ధతిని అనాగరికమని తీసివేయువారు ఈ సంగతి గమనింపవలెను. అయితే అపాయము నడకలో కంటె మొదటను, చివరను ఎక్కువ. నేలమట్టమునుండి బస్తాను లేపు ఇద్దరి నడుములకును, దొంతర అడుగువరుసలో బస్తాను వంగి సరిచేయువాని నడుమునకును ఏతపు లెక్క పూర్తిగా వర్తించును.

పూసల నడుమ బిళ్ళలు

వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలు 23 కలవు. ఒక్కొక్క బిళ్ళలో చుట్టును గట్టి పీచు పొరలు, లోపల జిగురువంటి గుజ్జు ఉండును. పెద్దవారి బిళ్ళలలో రక్తనాళములు ఇంచుమించు లేవు. ప్రక్కనున్న ఎముకనుండి మెల్లమెల్లగా ఊరివచ్చు ద్రవమే వాని ఆహారము. కావున చేతిపై కోసుకొన్న గాయమువలె బిళ్ళలోని చీలిక త్వరగా మానదు. వంగుట, లేపుట, మెలిదిరుగుట దినమునకు వందల మార్లు జరిగినపుడు పీచు పొర ఒక్కొక్కటిగా చిట్లును. తుదకు ఒకనాడు సామాన్యమైన బస్తాయే ఎత్తుచుండగా గుజ్జు వెలికి పొడుచుకొని వచ్చి, కాలికి పోవు నరమును ఒత్తును. "ఈ బస్తాతో పట్టినది" అని అతడు చెప్పును. నిజమునకు ఆ బస్తా చివరిది మాత్రమే. దానికి ముందు వేలకొలది బస్తాలు తమ పని చేసియున్నవి.

స్వీడను దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960 ప్రాంతపు సంవత్సరములలో, బ్రతికియున్న మనుష్యుల నడుము బిళ్ళలలోనికి సన్నని సూదిని పంపి లోపలి ఒత్తిడిని కొలిచెను. నిటారుగా నిలుచున్నప్పటికంటె ముందుకు వంగినపుడును, వంగి బరువు పట్టినపుడును ఒత్తిడి మిక్కిలి పెరుగుచున్నట్లు తేలినది. ఏతపు లెక్క కాగితముపై లెక్క మాత్రమే కాదని దీనివలన రూఢియైనది.

మరియొక విషయము. రాత్రి పండుకొన్నపుడు బిళ్ళలు నీటిని పీల్చుకొని ఉబ్బును. అందుచేతనే ఉదయము మనము సాయంకాలముకంటె ఒక సెంటీమీటరో, ఇంకొంచెమో పొడవుగా ఉందుము. ఉబ్బిన బిళ్ళ వంగుటకు బిగువుగా నుండును. నిద్ర లేచిన మొదటి గంటలో బాగుగా వంగినచో దానిపై పడు శ్రమ అధికము. లారీలు తెల్లవారుజామున వచ్చుట మనకు పరిపాటి. గోదాము వరండాలో పండుకొన్న ముఠాను లేపి, కన్ను తెరచిన పది నిమిషములలో బస్తాలకు నిలుపుదురు. అరగంట నడక, కాఫీ, చిల్లర పనులు ముందుంచి దింపుడు తరువాత మొదలు పెట్టించినచో మిల్లునకు పోవునదేమియు లేదు.

నడుము ఒక్కటియే కాదు

బరువులు కదల్చుటలో తక్కిన గాయములు చూచుటకు చిన్నవి గాని కొన్ని ప్రాణము తీయగలవు. నేలపై రాలిన తవుడు, ఊక పాదము క్రింద నూనెవలె జారును. బల్లచెక్క నడుమ కుంగినచో బరువుతోనున్న మనిషి ప్రక్కకు పడును. బస్తాలను ఇటుకల గోడవలె ఒక వరుస అడ్డముగా, ఒక వరుస నిలువుగా కట్టు వేసి పేర్చవలెను. అట్లు గాక తిన్నగా పైకి పేర్చిన దొంతర విరుగును. తొందరలో క్రిందివరుసనుండి బస్తా లాగినచో పైనున్నదంతయు మీద పడును.

రాతి పరిశ్రమలో ఈ అపాయము మరింత భయంకరమైనది. ప్రకాశము జిల్లా చీమకుర్తి నల్లరాయి దేశదేశములకు పోవుచున్నది. గ్రానైటు ఘనపు మీటరు బరువు ఇంచుమించు 2,700 కిలోలు. 2 సెంటీమీటర్ల మందముగల పలక చదరపు మీటరునకు 54 కిలోలు తూగును. మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు గల ఒక్క పలక 243 కిలోలన్నమాట. ఇట్టి పలకలను గుడారము ఆకారపు ఇనుప చట్రమునకు రెండు వైపుల ఆనించి నిలుపుదురు. ఒకే వైపు పలకలను వరుసగా తీసికొనుచు పోయినచో రెండవవైపు బరువు చట్రమును తలక్రిందు చేయవచ్చును. రెండు వైపులనుండి మార్చి మార్చి తీయుట, వాలు చాలినంతగా ఉన్నదా యని చూచుట, పలకలు పడు దిక్కున ఎవ్వరును నిలువకుండుట అచట ప్రాణసూత్రములు. పడుచున్న పలకను చేతులతో ఆపబూనుట సహజముగా మనిషికి తోచును. 243 కిలోలను చేతులు ఆపలేవు. తొలగిపోవుటయే మంచిదని పనివారికి ముందుగనే చెప్పియుంచవలెను.

ఎంత బరువు మోయవచ్చును?

ఈ ప్రశ్నకు ప్రపంచము చాలకాలమునుండి సమాధానము వెదకుచున్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1929లోనే, ఓడలలో పోవు ఒక టన్నును అంతకు మించిన మూటలపై బరువు వ్రాయవలెనని ఒడంబడిక చేసినది. ఎత్తబోవువానికి బరువు ముందుగా తెలియుటయే సగము రక్షణ గదా. 1967లో అదే సంస్థ ఒక మనిషి మోయదగిన గరిష్ఠ బరువును గూర్చి 127వ ఒడంబడికను, దానితోపాటు ఒక సిఫారసును ఆమోదించినది. వయోజనుడైన పురుషుడు 55 కిలోలకు మించి మోయరాదని ఆ సిఫారసు. స్త్రీలకును, పడుచు పిల్లలకును బరువు ఇంకను చాల తక్కువగా ఉండవలెనని ఒడంబడిక చెప్పుచున్నది. భారతదేశము దానికి 2010లో సమ్మతి తెలిపినది.

మన దేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 34వ విభాగములో, గాయము కలిగించునంతటి బరువును ఏ పనివానిచేతను ఎత్తింపరాదు, మోయింపరాదు, కదలింపరాదు అని విధించెను. ఆ చట్టము స్థానమున 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా సంహిత 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది.

ఇక మన అలవాటు చూడుడు. కోస్తా జిల్లాలలో రైతు లెక్కకు ధాన్యపు బస్తా 75 కిలోలు. తెలంగాణ కొనుగోలు కేంద్రములలో సంచికి 40 కిలోలు నింపుచున్నారు. సిమెంటు సంచి 50 కిలోలు. యూరియా సంచిని 2018లో 50 నుండి 45 కిలోలకు తగ్గించిరి. అది ఎరువు వాడుక తగ్గించుటకు చేసిన పని. హమాలీ నడుమును తలచి చేసినది కాదు. ఏ కారణముననైనను మేలే. బ్రిటనులో సిమెంటు సంచి ఇప్పుడు 25 కిలోలదే.

55 కిలోలలోపు ఉన్నచో క్షేమమని అనుకొనుట పొరపాటు. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రము ప్రకారము, అన్నియు అనుకూలముగా నున్నపుడు, అనగా వస్తువు ఒంటికి దగ్గరగా, నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున, మంచి పట్టుతో ఉన్నపుడు, చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలు మాత్రమే. దూరము రెట్టింపై 50 సెంటీమీటర్లయినచో అది సగమగును. నేలమట్టమునుండి ఎత్తవలసి వచ్చినచో అందులో నాలుగవ వంతుకు కొంచెము తక్కువ మరల తగ్గును. అప్పటికి మిగులునది సుమారు 9 కిలోలు. మాటిమాటికి ఎత్తవలసి వచ్చినచో ఇంకను తగ్గును. మన 75 కిలోల బస్తాను ఇద్దరు పంచుకొని ఎత్తినను, ఒక్కొక్కనికి దానికి నాలుగింతలు పడుచున్నది. ఈ లెక్క మన మిల్లులకు రేపే వర్తింపజేయ వీలుకాదని మేమెరుగుదుము. కాని ఎత్తు, దూరము అనునవి బరువుతో సమానముగా పని చేయునని దీనివలన తెలియుచున్నది. బస్తా బరువు తగ్గించుట మిల్లు యజమాని ఒక్కనిచేతిలో లేకపోవచ్చును. ఎత్తు, దూరము అతని చేతిలోనివే.

మోకాళ్ళు వంచుమను సలహా

ఏ గోడపటము చూచినను, "నడుము వంచకుము, మోకాళ్ళు వంచి యెత్తుము" అని యుండును. చిన్న పెట్టె విషయములో ఆ మాట సరియే. ధాన్యపు బస్తా మోకాళ్ళ నడుమ పట్టదు. మోకాళ్ళు వంచినచో బస్తా మోకాళ్ళకు ముందుగా నిలుచును, దూరము పెరుగును, ఏతపు దూలము పొడవగును. వివిధ దేశములలో జరిగిన పరిశోధనలను కలిపి పరిశీలించినవారు, ఎత్తు పద్ధతి నేర్పినంత మాత్రమున నడుము నొప్పులు తగ్గినట్లు ఆధారము లేదనిరి. నడుమునకు పట్టీ బిగించుకొనుట గూడ అంతే. అమెరికాలోని పెద్ద అంగళ్ళలో సామాను మోయువారిని పరిశీలించి 2000 సంవత్సరములో ప్రకటించిన ఫలితములలో, పట్టీ కట్టుకొన్నవారికిని, కట్టుకొననివారికిని భేదము కనబడలేదు. పట్టీలు కొని పంచిపెట్టిన యజమాని తన కర్తవ్యము తీరినదని తృప్తిపడుట మాకు తగినదిగా తోచదు. ఆ సొమ్ముతో ఇటుకలు కొన్నచో మేలు.

ఇటుకలెందుకనగా, అరుగునకు. లారీ బల్ల నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున నుండును. గోదాము వాకిట ఆ ఎత్తునకే అరుగు కట్టినచో బస్తా పైకి ఎక్కనక్కరలేదు, క్రిందికి దిగనక్కరలేదు. బల్లచెక్కయే అవసరము లేదు. రెండు చక్రముల తోపుడు బండిపై మూడు బస్తాలు ఒకేసారి దొర్లించుకొని పోవచ్చును. అయితే గోదాము నేల చదునుగా, గుంటలు లేక యుండవలెను. తోపుడు బండ్లు కొని, గుంటల నేలపై అవి నడవక మూలబెట్టిన మిల్లులను మేము చూచితిమి. "మావాళ్ళకు మోయుటే యిష్టము" అని అచటివారు మాతో చెప్పిరి. ముఠా మేస్త్రిని అడుగగా, బండి చక్రము ప్రతి గుంటలోను దిగుచున్నదని అతడు జవాబిచ్చెను.

అరుగు కట్టలేనిచోట ధాన్యమును కాటా వేయు చోటనైనను తొడ ఎత్తున చెక్కబల్ల నిలుపవచ్చును. సంచి నింపుటయు, కుట్టుటయు, తూచుటయు దానిపైననే జరిగినచో, నేలనుండి లేపుట యను పని తప్పును. దొంతరను మనిషి భుజమునకు మించి పేర్చవలసి వచ్చినపుడు బస్తాలను పైకి చేర్చు యంత్రపు పట్టాలు ఇప్పుడు దొరకుచున్నవి. బల్లచెక్క తప్పనిసరియైనచో అది వెడల్పుగా, నడుమ కుంగనంత దళసరిగా, పాదము జారకుండ అడ్డపట్టీలు కొట్టబడినదిగా ఉండవలెను. ఈ పనులలో వేటికిని ఇంజనీరు అక్కరలేదు; ఊరి తాపీమేస్త్రి, వడ్రంగి చాలుదురు.

నడుము పట్టినపుడు

మన ఊళ్ళలో నడుము పట్టినచో ఎదురుకాళ్ళతో పుట్టినవానిచే తన్నించుట ఒక ఆచారము. సామాన్యపు పట్టు కొన్నాళ్ళకు తనంతట విడుచును. కీర్తి మాత్రము తన్నినవానికి దక్కును. కాని బిళ్ళ వెలికి వచ్చి నరమును ఒత్తుచున్నపుడు తన్నించుట, త్రొక్కించుట, విరిపించుట అపాయకరములు. నెలల తరబడి మంచము పట్టుట గూడ మంచిది కాదు. ఒకటి రెండు దినములు విశ్రమించి, బరువు ముట్టక, ఓర్చుకొనగలిగినంత మెల్లగా తిరుగుచుండువారే త్వరగా కోలుకొందురని వైద్యులు తెలిసికొన్నారు. నొప్పి తొడవెనుకనుండి పాదమువరకు దిగినను, పాదము పైకి లేవకున్నను వైద్యునికి చూపవలెను. తొడల నడుమ మొద్దుబారినను, మూత్రము బిగిసినను, తెలియకయే పోవుచున్నను, ఆనాడే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. ఆ స్థితిలో ఆలస్యము చేసినచో ఆ పట్టు జన్మాంతము తిరిగి రాకపోవచ్చును.

గాయపడిన పనివానికి పరిహారమిచ్చు చట్టము మన దేశములో 1923 నుండి కలదు. ఆ విధులిప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా సంహితలో చేరియున్నవి. ముఠా మేస్త్రి ద్వారా కుదిర్చిన కూలీయని చెప్పినంతమాత్రమున యజమాని బాధ్యత తొలగిపోదు. చిక్కంతయు రుజువులో నున్నది. వ్రేలు నలిగినచో అందరికిని కనబడును. నడుము లోపల చిట్లినది ఎవ్వరికిని కనబడదు. హమాలీ ఆనాడు నొప్పి నోర్చుకొని ఇంటికి పోవును, వారము గడచిన పిమ్మట వచ్చి చెప్పును. అప్పటికి, "పొలములో పట్టియుండును" అను మాట సిద్ధముగా నుండును. కావున నొప్పి తోచిన పూటనే మేస్త్రితోను, గుమాస్తాతోను చెప్పి మిల్లు పుస్తకములో వ్రాయింపవలెను. తేది, వేళ, ఏ లారీ, సంచి ఎన్ని కిలోలు, ఎత్తుచుండగనా దింపుచుండగనా, ప్రక్కన ఎవరుండిరి అను నాలుగు మాటలు చాలును. చదువురాని వాడైనచో ముఠాలో చదువు వచ్చినవాడు కాగితముపై వ్రాసి ఇద్దరిచేత వ్రేలిముద్రలు వేయించి యుంచవలెను. ఆసుపత్రిలో చీటీ వ్రాయునపుడును, పనిలో బస్తా ఎత్తుచుండగా పట్టినదని చెప్పి ఆ మాట చీటీలో వ్రాయించుకొనవలెను.